లిబరల్ ఆర్ట్స్ కాలేజీ ఖర్చు గిట్టుబాటవుతుందా? అమెరికాలో చేరేముందు లెక్క వేసుకునే పద్ధతి

విలియమ్స్, ఆమ్‌హెర్స్ట్, స్వార్థ్‌మోర్, పొమోనా, గ్రినెల్ లాంటి లిబరల్ ఆర్ట్స్ కాలేజీల (ఒకే వృత్తి కోర్సు కాకుండా సాహిత్యం, సైన్సు, సామాజిక శాస్త్రాలు కలిపి బ్యాచిలర్స్ స్థాయిలో చెప్పే చిన్న కాలేజీలు) గురించి మనవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. ఏడాదికి 90 వేల డాలర్లు పోసి అక్కడ చదివిస్తే ఆ డబ్బు తిరిగొస్తుందా? అమెరికాలో స్థిరపడ్డ తల్లిదండ్రులూ ఇదే అడుగుతున్నారు, హైదరాబాద్, విజయవాడల నుంచి పిల్లల్ని నేరుగా బ్యాచిలర్స్‌కు పంపాలనుకునేవాళ్లూ ఇదే అడుగుతున్నారు.

అవుననో కాదనో ఒక్క ముక్కలో తేలదు. ఏ కాలేజీ, ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు), మీ జేబులోంచి నిజంగా పోయేదెంత అనే మూడూ తెలిస్తేనే జవాబు వస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ చదువుల రాబడి ఆలస్యంగా మొదలవుతుంది, అప్పు వాయిదాలు మాత్రం డిగ్రీ చేతికొచ్చిన ఆరు నెలలకే మొదలవుతాయి. కింది లెక్కంతా ఈ ఎడాన్ని దృష్టిలో పెట్టుకుని వేసిందే.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

ఈ పని పదకొండో తరగతి రెండో సగంలో మొదలుపెడితే హాయిగా సాగుతుంది. కాలేజీల జాబితా తయారయ్యాక డబ్బు లెక్క మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. అప్పటికి పిల్లల మనసు ఒక క్యాంపస్ మీద పడిపోయి ఉంటుంది, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది.

- ట్యాక్స్ రిటర్నులు: కాలేజీలో చేరే ఏడాదికి రెండేళ్ల ముందు ఆదాయాన్ని చూస్తారు. 2027లో చేరేవారికి 2025 ఆదాయమే లెక్క.
- బ్యాంకు నిల్వలు, షేర్లు, 529 ఖాతా (చదువు కోసం పన్ను రాయితీతో దాచుకునేది), పిల్లల పేరు మీదున్న ఖాతాలు.
- ఇండియాలోని ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ప్లాట్లు, ఫ్లాట్లు, అద్దె ఆదాయం.
- పిల్లలకు నచ్చిన రెండు మూడు మేజర్లు. ఒక్కటే రాసుకోకండి, చేరాక మార్చుకునేవాళ్లు చాలామంది.
- నాలుగేళ్లకు కలిపి అప్పు లేకుండా మీరు పెట్టగలిగిన మొత్తం. దీన్ని భార్యాభర్తలిద్దరూ కూర్చుని కాగితం మీద రాయండి, పిల్లలకూ చెప్పండి.

## 2. మీ స్టేటస్ ఏమిటో తేల్చుకోండి

ఒకే కాలేజీ, ఒకే ఆదాయం ఉన్నా స్టేటస్‌ను బట్టి బిల్లు మారిపోతుంది.

సిటిజన్, గ్రీన్ కార్డ్: ఫాఫ్సా (ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ సాయానికి పెట్టే దరఖాస్తు) నింపవచ్చు. ఫెడరల్ గ్రాంటు (తిరిగి కట్టనక్కర్లేని సాయం), ఫెడరల్ లోను, కాలేజీ సొంత గ్రాంటు, మూడింటికీ అర్హత ఉంటుంది.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా): ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఏళ్ల తరబడి అమెరికాలోనే చదివినా హెచ్-4 పిల్లలకు ఫెడరల్ సాయం రాదు. కాలేజీ సొంత గ్రాంటుకు కొన్ని కాలేజీలు వీళ్లను స్థానిక విద్యార్థులతో కలుపుతాయి, కొన్ని విదేశీ విద్యార్థుల్లో వేస్తాయి. ప్రతి కాలేజీకీ ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఈ పిల్లలకు పనిచేసే అనుమతి ఉండదు, కాబట్టి ఆఫర్‌లో క్యాంపస్ ఉద్యోగం కింద చూపించే మొత్తం వీళ్లకు సున్నాతో సమానం. 21 ఏళ్లు నిండితే విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కి మారాల్సి రావచ్చు. అప్పుడు గ్రాంటు కొనసాగుతుందా అన్నది కూడా అదే ఈమెయిల్‌లో అడగండి. చదువు మధ్యలో గ్రీన్ కార్డ్ వస్తే వెంటనే కాలేజీ ఎయిడ్ (ఆర్థిక సాయం) ఆఫీసుకు చెప్పాలి.

ఇండియా నుంచి ఎఫ్-1: పూర్తి ఫీజు కట్టాలంటే ఏడాదికి 75 లక్షల రూపాయలు దాటుతుంది. ఆమ్‌హెర్స్ట్, బోడిన్ లాంటి కొద్ది కాలేజీలు మాత్రమే విదేశీ విద్యార్థి సాయం అడిగినా దాన్ని అడ్మిషన్ నిర్ణయంలో చూడవు. మిగతా చాలాచోట్ల సాయం అడిగితే సీటు అవకాశం తగ్గుతుంది. అలాగని ముందు అడక్కుండా చేరి, రెండో ఏడాది అడుగుదామనే ఆలోచన వద్దు. చేరేటప్పుడు అడగని విదేశీ విద్యార్థికి తర్వాత ఇవ్వబోమని చాలా కాలేజీల నిబంధనల్లోనే ఉంటుంది.

## 3. బోర్డు మీది ధర పక్కన పెట్టి, నెట్ ప్రైస్ తీయండి

అమెరికా ప్రైవేటు కాలేజీలు కొత్తగా చేరేవారి ట్యూషన్‌లో సగటున సగానికి పైగా గ్రాంట్ల రూపంలో తగ్గిస్తున్నాయి. అందుకే ప్రకటించిన ధర చూసి కాలేజీని కొట్టేయడం తప్పు, చూసి ధైర్యం చేయడమూ తప్పే.

ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ (గ్రాంట్లు పోను మీరు కట్టాల్సింది అంచనా వేసేది) ఉండాలని 2011 నుంచి నిబంధన ఉంది. దాన్ని వాడే వరస ఇది:

1. ట్యాక్స్ రిటర్ను ఎదురుగా పెట్టుకుని నింపండి, ఉజ్జాయింపు అంకెలు వద్దు.
2. ఎనిమిది పది కాలేజీలకు ఒకే రోజు చేయండి, ప్రతి ఫలితాన్నీ స్క్రీన్‌షాట్ తీయండి.
3. వచ్చిన అంకెలో గ్రాంటు ఎంతో, లోను ఎంతో విడదీయండి. లోను కలిపి చూపించి "మీరు కట్టేది ఇంతే" అనే క్యాలిక్యులేటర్లు ఉన్నాయి. లోను మీ డబ్బే, వడ్డీతో సహా.
4. మీ రాష్ట్ర యూనివర్సిటీ క్యాలిక్యులేటర్ కూడా నింపండి. పోల్చాల్సింది దానితోనే.

సొంత వ్యాపారం, అద్దె ఇళ్లు, విడాకులు ఉన్న కుటుంబాలకు ఈ అంకె బాగా తప్పుతుంది. అలాంటివాళ్లు ఎయిడ్ ఆఫీసును ముందస్తు అంచనా అడగడం మేలు. క్యాలిక్యులేటర్లు ఎక్కువగా సిటిజన్, గ్రీన్ కార్డ్ కుటుంబాలను ఉద్దేశించినవి. ఎఫ్-1 వాళ్లు వాటి ఫలితాన్ని నమ్ముకోకూడదు.

## 4. ఇండియా ఆస్తుల సంగతి

శంషాబాద్ దగ్గర ప్లాటు, కూకట్‌పల్లిలో ఫ్లాటు, ఊళ్లో పొలం. ఇవి అమెరికా ఫారాల్లో రాయక్కర్లేదని ఫంక్షన్లలో చెప్పుకునే మాట పూర్తిగా తప్పు. ఫాఫ్సాలో మీరు ఉంటున్న ఇల్లు తప్ప మిగతా స్థిరాస్తి ఏ దేశంలో ఉన్నా చూపించాలి. దాచి సంతకం పెడితే అది తప్పుడు ప్రకటన కిందకి వస్తుంది.

పేరున్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో చాలావాటికి ఫాఫ్సాతో పాటు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ (కాలేజీ సొంత సాయానికి నింపే ఫారం) కూడా కావాలి. దీనికి మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16 డాలర్లు రుసుము. ఆదాయం లక్ష డాలర్ల లోపున్న అమెరికా కుటుంబాలకు ఉచితం. ఇది ఫాఫ్సా కంటే లోతుగా తవ్వుతుంది. మీరు ఉంటున్న ఇంట్లో మీ వాటా విలువను కూడా చాలా కాలేజీలు లెక్కేస్తాయి.

సరిగ్గా నింపడానికి కొన్ని సూచనలు:

- విలువ అంటే ఈరోజు అమ్మితే వచ్చే ధర, అందులోంచి దాని మీదున్న అప్పు తీసేయాలి. బ్రోకర్ ఆశగా చెప్పే ధర రాయకండి.
- ఉమ్మడి ఆస్తి అయితే మీ వాటా మాత్రమే రాయాలి. పంపకాలు కాలేదని, వెంటనే అమ్మడం కుదరదని ప్రత్యేక పరిస్థితుల పెట్టెలో వివరించండి.
- ఇండియాలో తల్లిదండ్రులకు ప్రతి నెలా పంపే డబ్బు, వాళ్ల వైద్యం ఖర్చు కూడా అక్కడే రాయండి. ఎంత తగ్గిస్తారన్నది కాలేజీ ఇష్టం, రాయకపోతే మాత్రం అసలే తగ్గదు.
- ఫాఫ్సా లెక్కలో తల్లిదండ్రుల పొదుపులోంచి గరిష్ఠంగా 5.64 శాతం, పిల్లల పేరు మీది సొమ్ములోంచి 20 శాతం ఏటా చదువుకు పెట్టగలరని అనుకుంటారు. పిల్లల పేరు మీద పెద్ద ఖాతా తెరిచే ముందు ఈ తేడా గుర్తుంచుకోండి. 401కే లాంటి రిటైర్మెంట్ ఖాతాల నిల్వను ఫాఫ్సా పట్టించుకోదు.
- ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే ఇచ్చే తగ్గింపును ఫాఫ్సా 2024–25 నుంచి ఎత్తేసింది. సీఎస్‌ఎస్ వాడే కాలేజీలు కొన్ని ఇంకా చూస్తున్నాయి. కవలలున్నవాళ్లు తప్పక అడగాలి.

## 5. మెరిట్ డబ్బు ఎక్కడుందో చూడండి

ఐటీ జీతాలు రెండు ఉన్న ఇంటికి అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం పెద్దగా రాదు. విలియమ్స్, ఆమ్‌హెర్స్ట్, పొమోనా, బోడిన్ మార్కులు చూసి స్కాలర్‌షిప్ ఇవ్వవు. పిల్లవాడు ఎంత మెరికైనా సరే, ఆదాయం ఎక్కువైతే పూర్తి ధరే.

ఇలాంటి కుటుంబాలు డెనిసన్, వూస్టర్, కెన్యన్, ఓబర్లిన్, గ్రినెల్ లాంటి మెరిట్ ఇచ్చే కాలేజీల వైపు చూడాలి. ఎంతమందికి ఎంత ఇస్తున్నారో కాలేజీ ఏటా ప్రచురించే కామన్ డేటా సెట్‌లో హెచ్ విభాగం చెబుతుంది. అందులో హెచ్2ఏ అనే చోట అవసరంతో పనిలేకుండా ఇచ్చిన స్కాలర్‌షిప్పుల సంఖ్య, సగటు ఉంటాయి. హెచ్6 విదేశీ విద్యార్థులకు ఇచ్చింది చెబుతుంది. ఎఫ్-1 కుటుంబాలు బ్రోషర్ కంటే ముందు హెచ్6 చూడాలి.

ఆదాయం బాగా తక్కువ ఉన్నవాళ్ల సంగతి వేరు. విలియమ్స్ 2022 నుంచి తన సాయంలోంచి లోన్లు, క్యాంపస్ ఉద్యోగం షరతు తీసేసి మొత్తం గ్రాంటుగానే ఇస్తోంది. కెంటకీలోని బెరియా కాలేజీ ఎవరి దగ్గరా ట్యూషన్ తీసుకోదు, బదులుగా విద్యార్థులందరూ క్యాంపస్‌లో పనిచేయాలి.

## 6. నాలుగేళ్ల పట్టిక వేయండి

మొదటి ఏడాది అంకెను నాలుగుతో గుణించడం అందరూ చేసే పొరపాటు. ఫీజు ఏటా పెరుగుతుంది, మెరిట్ గ్రాంటు మాత్రం చాలాచోట్ల ఉన్నచోటే ఉంటుంది.

లెక్క కోసం ఒక ఉదాహరణ వేసుకుందాం. ధర 88,000 డాలర్లు, గ్రాంటు 46,000, ఏటా పెరుగుదల 4 శాతం.

- మొదటి ఏడాది: 42,000
- రెండో ఏడాది: 45,520
- మూడో ఏడాది: 49,181
- నాలుగో ఏడాది: 52,988
- మొత్తం: 1,89,689

నాలుగుతో గుణించి ఉంటే 1,68,000 అనుకునేవాళ్లం. దాదాపు 22 వేల డాలర్లు లెక్కలోకే రాకుండా పోయేవి.

అదే పిల్లవాడికి సొంత రాష్ట్ర యూనివర్సిటీలో మొదటి ఏడాది 32,000 అనుకుంటే, అదే పెరుగుదలతో మొత్తం 1,35,887 అవుతుంది. తేడా 53,802 డాలర్లు. చర్చించాల్సిన అంకె ఇదే. "రెండు లక్షలు పెట్టాలా" అన్నది మీ ముందున్న ప్రశ్న కాదు, "ఇంకో 54 వేలు పెడితే అదనంగా ఏం వస్తుంది" అన్నదే ప్రశ్న.

ఈ తేడా మొత్తాన్నీ 8 శాతం వడ్డీకి పదేళ్ల లోనుగా తీసుకుంటే నెలకు సుమారు 650 డాలర్ల వాయిదా పడుతుంది. చదువుకునే రోజుల్లో పేరుకునే వడ్డీ ఇందులో కలపలేదు. పట్టికలో ఈ వరుసలు మరిచిపోకండి:

- ఏడాదికి రెండు మూడు విమాన ప్రయాణాలు
- ఆరోగ్య బీమా (తల్లిదండ్రుల బీమా ఆ రాష్ట్రంలో చెల్లితే కాలేజీ బీమాకు మినహాయింపు అడగవచ్చు)
- వేతనం లేని ఇంటర్న్‌షిప్ వేసవికి ఖర్చు. కాలేజీ దీనికి డబ్బిస్తుందేమో అడగాలి
- చిన్న ఊళ్లో క్యాంపస్ అయితే చలికాలం బట్టలు, ఎయిర్‌పోర్టుకు రాకపోకలు

తగ్గేవి కూడా రాయండి. అర్హత ఉన్న కుటుంబాలకు అమెరికన్ ఆపర్చునిటీ ట్యాక్స్ క్రెడిట్ కింద ఏటా 2,500 డాలర్ల వరకు, నాలుగేళ్లు వస్తుంది. నాలుగేళ్లలో డిగ్రీ పూర్తిచేసేవారి శాతాన్ని రెండు చోట్లా పోల్చండి. రాష్ట్ర యూనివర్సిటీలో ఐదో ఏడాది పడితే పై తేడాలో సగానికి పైగా కరిగిపోతుంది.

## 7. రాబడిని సరైన చోట వెతకండి

జార్జ్‌టౌన్ యూనివర్సిటీలోని విద్య, ఉపాధి పరిశోధన కేంద్రం 2020లో ఈ కాలేజీల మీదే ఒక నివేదిక ఇచ్చింది. పదేళ్ల లెక్కలో లిబరల్ ఆర్ట్స్ కాలేజీల మధ్యస్థ రాబడి 62,000 డాలర్లు, అన్ని కాలేజీలదీ కలిపితే 1,07,000. నలభై ఏళ్ల లెక్కలో బొమ్మ తిరగబడింది. వీటిది 9,18,000, అన్నిటిదీ 7,23,000. ఇంజినీరింగ్, బిజినెస్ కాలేజీలకు ఇంచుమించు సమానం.

ఈ అంకెలు చూసి సంబరపడిపోకండి. ఆ జాబితాలో పైనున్న హార్వీ మడ్ సైన్స్, ఇంజినీరింగ్ కాలేజీ లాంటిదే. అడుగున ఉన్నవాటి కథ వేరు. పైగా ఈ కాలేజీల నుంచి చాలామంది పై చదువులకు వెళ్తారు, తర్వాత పెరిగే జీతాల్లో ఆ డిగ్రీల వాటా కూడా ఉంటుంది. అయినా ఒక విషయం మాత్రం తేల్చి చెప్పవచ్చు. మొదటి పదేళ్లు సన్నగా సాగుతాయి కాబట్టి ఆ పదేళ్ల మీద పెద్ద వాయిదా పెట్టకూడదు.

మీ కాలేజీకి చూసుకునే వరస:

1. అమెరికా విద్యాశాఖ నడిపే కాలేజ్ స్కోర్‌కార్డ్‌లో కాలేజీ పేరు కొట్టి, మొత్తం కాలేజీ సగటును వదిలేసి మేజర్ వారీగా సంపాదన చూడండి.
2. అదే మేజర్‌కు మీ రాష్ట్ర యూనివర్సిటీ అంకె పక్కన రాయండి.
3. మేజర్‌లో విద్యార్థులు తక్కువైతే అంకె కనిపించదు. చిన్న కాలేజీల్లో ఇది మామూలే. అప్పుడు కెరీర్ ఆఫీసును అడగండి.
4. "మా వాళ్లలో 95 శాతం స్థిరపడ్డారు" అని ఎవరైనా అంటే రెండు ప్రశ్నలు వేయండి. మొత్తం విద్యార్థుల్లో ఎంతమంది వివరాలు తెలిశాయి? అందులో ఆ డిగ్రీ అవసరమైన ఉద్యోగాలు ఎన్ని?

స్కోర్‌కార్డ్ అంకెలు ఫెడరల్ సాయం తీసుకున్నవారివి మాత్రమే. ఎఫ్-1, హెచ్-4 పిల్లలు అందులో లేరు. ఎఫ్-1 వాళ్లకు ఓపీటీ (డిగ్రీ తర్వాత పనిచేసే అనుమతి) కింద 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) మేజర్ అయితే మరో 24 నెలలు పనిచేసే వీలుంది. కాబట్టి ఎకనామిక్స్ లాంటి మేజర్‌ను ఆ కాలేజీ ఏ కోడ్ కింద నమోదు చేసిందో కనుక్కోండి. సాధారణ ఎకనామిక్స్ స్టెమ్ కాదు, ఎకనామెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ స్టెమ్. క్లాసులు ఇంచుమించు అవే ఉన్నా ఉద్యోగానికి దొరికే గడువు మూడింతలవుతుంది.

## 8. అప్పుకు గీత గీయండి

డిగ్రీ పూర్తయ్యేనాటికి పిల్లల పేరు మీది అప్పు, ఆ మేజర్‌లో మొదటి ఏడాది జీతాన్ని దాటకూడదు. లిబరల్ ఆర్ట్స్ విషయంలో నేనైతే ఫెడరల్ లోను దగ్గరే ఆగమంటాను. అది మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, తర్వాత రెండేళ్లు 7,500 చొప్పున మొత్తం 27,000 డాలర్లు. అది దాటాక తీసుకునే ప్రైవేటు లోనుకు తల్లిదండ్రుల పూచీకత్తు అడుగుతారు, అంటే అది మీ అప్పే.

తల్లిదండ్రుల పేరు మీద ఇచ్చే పేరెంట్ ప్లస్ లోనుకు 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవారికి పరిమితి వచ్చింది. ఒక్కో విద్యార్థికి ఏడాదికి 20,000, మొత్తం 65,000. పాత సలహాలు చదివి "మిగతాది ప్లస్ లోనుతో కట్టేద్దాం" అనుకుంటే చదువు మధ్యలో ఇరుక్కుంటారు.

మెడిసిన్ ఆలోచన ఉన్న ఇళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. అదే తేదీ నుంచి గ్రాడ్ ప్లస్ (పై చదువులకు ఇచ్చే ఫెడరల్ లోను) కొత్తవారికి లేదు, మెడికల్ స్కూలుకు ఫెడరల్ లోను ఏడాదికి 50,000, మొత్తం 2,00,000 దాటదు. బ్యాచిలర్స్‌లో మిగిల్చిన ప్రతి డాలరూ అక్కడ పనికొస్తుంది. ఇక మూడేళ్లు ఇక్కడ, రెండేళ్లు ఇంజినీరింగ్ కాలేజీలో అనే ఉమ్మడి కోర్సుల్లో రెండో కాలేజీ గ్రాంటు ఇస్తుందన్న హామీ ఉందా అని చేరకముందే అడగాలి.

## 9. కాలేజీ నిలబడుతుందా?

అలబామాలోని బర్మింగ్‌హామ్-సదర్న్, న్యూయార్క్ రాష్ట్రంలోని వెల్స్ కాలేజీ 2024లో మూతపడ్డాయి. రెండూ వందేళ్లు పైబడినవే. కాబట్టి పెద్దగా పేరు వినని కాలేజీ భారీ గ్రాంటు ఇచ్చినప్పుడు ఒక అరపూట దీనికి కేటాయించండి.

- విద్యాశాఖ ప్రచురించే ఆర్థిక బాధ్యత స్కోరు మైనస్ 1 నుంచి 3 వరకు ఉంటుంది. 1.5 కంటే తక్కువైతే దూరం జరగండి.
- ఐదేళ్లలో విద్యార్థుల సంఖ్య పడిపోతోందా?
- మీ మేజర్‌లో ఇటీవల అధ్యాపకులను తీసేశారా, విభాగాలు మూశారా?

## 10. ఆఫర్ లెటర్, అప్పీలు

ఎర్లీ డెసిషన్‌లో (తప్పక చేరతామని మాటిచ్చి ఒకే కాలేజీకి ముందుగా పెట్టే దరఖాస్తు) సీటు వస్తే చేరాల్సిందే, వేరే ఆఫర్లతో పోల్చే వీలుండదు. సాయం మరీ చాలకపోతే వదులుకోనిస్తారు, కానీ దాన్ని నమ్ముకుని దరఖాస్తు చేయకండి. క్యాలిక్యులేటర్ చూపించిన ధర మీరు నిశ్చింతగా కట్టగలిగితేనే అటు వెళ్లాలి.

మామూలు పద్ధతిలో ఆఫర్లన్నీ వచ్చాక మే 1 వరకు సాధారణంగా సమయం ఉంటుంది. ప్రతి లెటర్‌లోనూ గ్రాంటుకు ఒక రంగు, లోనుకు ఒక రంగు, క్యాంపస్ ఉద్యోగానికి ఒక రంగు గీత కొట్టండి. మొత్తం ఖర్చులోంచి తీసేయాల్సింది గ్రాంటు రంగు ఒక్కటే.

ఆదాయం పడిపోయినా, లేఆఫ్ అయినా, వైద్యం ఖర్చు వచ్చినా అప్పీలు చేయండి. ఒక పేజీ చాలు. ఏం మారింది, ఎప్పటి నుంచి, ఎంత తగ్గింది, మీరు కట్టగలిగేదెంత, వాటికి ఆధారాలు. సమాన స్థాయి కాలేజీ ఎక్కువ ఇచ్చి ఉంటే ఆ లెటర్ కూడా జతచేయండి. బేరమాడినట్టు రాయకుండా, "మా వాడికి మీ కాలేజీయే ఇష్టం, ఈ తేడా పూడితే చేరతాడు" అన్న ధోరణిలో ఉంటే బాగుంటుంది. లెటర్‌ను విద్యార్థి పేరు మీదే పంపండి.

డిపాజిట్ కట్టేముందు ఈమెయిల్‌లో అడగాల్సినవి:

- గ్రాంటు నాలుగేళ్లూ వస్తుందా? దానికి కనీస జీపీఏ ఎంత?
- మా ఆదాయం పెరిగితే ఎంత తగ్గిస్తారు?
- ఒక సెమిస్టర్ విదేశంలో చదివితే గ్రాంటు వర్తిస్తుందా?
- బయటి స్కాలర్‌షిప్ తెచ్చుకుంటే మీ గ్రాంటు తగ్గిస్తారా?

ఆఖరి ప్రశ్న వదలకండి. తెలుగు సంఘం నుంచో, ఆఫీసు నుంచో 3,000 డాలర్ల స్కాలర్‌షిప్ వస్తే కొన్ని కాలేజీలు ముందు లోను భాగాన్ని తగ్గిస్తాయి, కొన్ని తమ గ్రాంటులోంచే అంత మొత్తం కోసేస్తాయి. రెండో రకం కాలేజీ అయితే బయటి దరఖాస్తుల వ్యాసాల మీద పిల్లల వారాంతాలు పోగొట్టడం దండగ.